ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక వర్తకుడి ఇల్లు: మ్యూజియం వాన్ లోన్‌ను తీరిగ్గా ఎలా చూడాలి

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది రైక్స్ మ్యూజియం, వాన్ గో మ్యూజియం చూసి, కాలువలో ఓసారి పడవెక్కి తిరిగొచ్చేస్తారు. పడవలో కూర్చున్నప్పుడు గట్టు మీది ఆ ఎత్తయిన ఇళ్లన్నీ వరసగా కదిలిపోతుంటాయి. వాటిలో ఎవరుండేవాళ్లు, ఇంత డబ్బు వాళ్లకు ఎక్కడ్నించి వచ్చింది, లోపల ఎలా ఉంటుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. పడవలోని ఆడియో గైడ్ వాటికి సరిగ్గా జవాబు చెప్పదు. ఏదో ఒక ఇంటి తలుపు తీసుకుని లోపలికి వెళ్లాల్సిందే. ఎవరడిగినా నేను చెప్పే ఇల్లు ఒకటే: కైజర్స్‌గ్రాక్ట్ కాలువ గట్టున 672 నంబరు, మ్యూజియం వాన్ లోన్.

దీన్నే ఎందుకు చెబుతానంటే, కాలువ వైపు ఇల్లు, వెనక తోట, తోట చివర గుర్రబ్బండ్ల కొట్టం, ఈ మూడూ ఒకే చోట ఇంకా కలిసి నిలబడి ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇప్పుడు ఇది చాలా అరుదు. రెండో కారణం మనకు సంబంధించింది. ఈ ఇంటికి పేరిచ్చిన కుటుంబంలో విల్లెం వాన్ లోన్ అనే పెద్దమనిషి, 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీని పెట్టినవాళ్లలో ఒకడు. ఆ కంపెనీ ఓడలు మూడేళ్లు తిరిగేసరికి మన బందరు రేవులో లంగరు వేశాయి. ఈ సంగతి తెలిసి లోపలికి వెళ్తే ఇల్లు వేరేగా కనిపిస్తుంది. అందుకే ఈ గైడ్‌లో గదుల గురించి ఎంత చెప్పానో, ఆ డబ్బు గురించి కూడా అంత చెప్పాను.

వెళ్లే ముందు

ఈ మ్యూజియం మామూలుగా రోజూ ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటుంది. పండగ రోజుల్లో, ఇంట్లో ఏదైనా కార్యక్రమం ఉన్న రోజుల్లో మార్పులు ఉండొచ్చు కాబట్టి బయల్దేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ రోజు టైమింగ్స్, టికెట్ ధర చూసుకోండి. నెదర్లాండ్స్‌లో ఉండేవాళ్లకు మ్యూజియంకార్డ్ ఉంటే వేరే టికెట్ అక్కర్లేదు. అక్కడ స్థిరపడ్డవాళ్లు ఏడాదిలో నాలుగైదు మ్యూజియాలు చూసేటట్టయితే ఆ కార్డు తీసుకోవడమే మేలు.

ఉదయం తెరవగానే వెళ్లడం మంచిది. ఇది మనుషులు కాపురం ఉండటానికి కట్టిన ఇల్లు. పెద్ద మ్యూజియాల్లో ఉన్నట్టు విశాలమైన హాళ్లుండవు. ఒక గదిలో పదిమంది చేరితే గోడ మీది బొమ్మ దగ్గరకు వెళ్లి చూడటం కూడా కష్టమే. మొత్తం చూడటానికి గంటన్నర పెట్టుకోండి, తోటలో కూర్చోవాలనుకుంటే రెండు గంటలు. వీపు మీద పెద్ద బ్యాగు వేసుకుని వెళ్లకండి. పాత సామాను మధ్య తిరగాలి కాబట్టి దాన్ని కిందే పెట్టమంటారు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. వీధిలోంచి ముఖద్వారానికి రాతి మెట్లు ఎక్కాలి, లోపల పైకీ కిందికీ మెట్లే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉంటే, వీల్‌చెయిర్ అవసరమైతే, మ్యూజియంకు ముందే మెయిల్ పెట్టి అడగండి. వెళ్లాక గుమ్మం దగ్గర టెన్షన్ పడటం కంటే అది నయం.

జూన్ నెలలో వెళ్లే వీలుంటే ఇంకా మంచిది. ఏటా జూన్‌లో ఒక వారాంతం కాలువ గట్టు ఇళ్ల వెనక తోటలను జనం చూడటానికి తెరుస్తారు. మామూలు రోజుల్లో బయటివాళ్లకు కనిపించని పెరళ్లవి. ఆ కార్యక్రమాన్ని నడిపేది కూడా వాన్ లోన్ మ్యూజియమే.

చేరుకోవడం

సెంట్రల్ స్టేషన్ నుంచి 52వ నంబరు మెట్రో ఎక్కి వైజెల్‌గ్రాక్ట్ స్టేషన్‌లో దిగండి. మధ్యలో రోకిన్ ఒక్కటే స్టాపు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఆమ్‌స్టెల్వేన్ నుంచి వచ్చేవాళ్లు 25వ నంబరు ట్రాములో జౌద్ స్టేషన్‌కు వచ్చి, అక్కడ అదే 52 మెట్రో ఎక్కితే మూడో స్టాపు. బ్యాంకు కార్డును గేటు దగ్గర ఆనించి లోపలికి వెళ్లొచ్చు. దిగాక బయటికొచ్చేటప్పుడు కూడా తప్పకుండా ఆనించాలి, లేకపోతే ఎక్కువ డబ్బు కట్ అవుతుంది.

స్టేషన్ బయటికొచ్చాక ఊరి నడిబొడ్డు వైపు, అంటే ఉత్తరానికి నడవండి. ముందు ప్రిన్సెన్‌గ్రాక్ట్ కాలువ వస్తుంది. దాన్ని దాటి నడిస్తే కెర్క్‌స్ట్రాట్ అనే సన్నని వీధి, ఆ తర్వాత కైజర్స్‌గ్రాక్ట్. కాలువకు ఇవతలే కుడి చేతికి తిరిగితే ఇల్లు వచ్చేస్తుంది, కానీ అప్పుడే తిరగొద్దు. వంతెన దాటి అవతలి గట్టుకు వెళ్లి, అక్కడ కుడివైపు నడవండి. ఫోమ్ అనే ఫొటోగ్రఫీ మ్యూజియం కనిపిస్తుంది. దాని ముందు నిలబడి కాలువ మీదుగా చూస్తే వాన్ లోన్ ఇల్లు పూర్తిగా కంటికి ఆనుతుంది.

అవతలి గట్టున పది నిమిషాలు

దీన్ని ఎవరూ వదిలేయకండి. ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్లిపోతే పైభాగం కనబడదు.

మొదట చూడాల్సింది, ఇది ఒక్క ఇల్లు కాదు, కవల ఇళ్లు. 672, 674 పక్కపక్కనే ఒకే తీరులో ఉన్నాయి. యెరెమియాస్ వాన్ రాయ్ అనే ఫ్లెమిష్ వర్తకుడు 1672లో రెండింటినీ కట్టించి, ఒకదాంట్లో తను ఉండి, 672ను అద్దెకిచ్చాడు. మొదటి అద్దెదారు ఫెర్డినాండ్ బోల్, రెంబ్రాంట్ దగ్గర నేర్చుకున్న చిత్రకారుడు. 1669లో ఆయన ఒక సంపన్న వితంతువును రెండో పెళ్లి చేసుకుని, ఆ తర్వాత బొమ్మలు వేయడం దాదాపుగా మానేశాడు. అంటే ఈ ఇంటికి వచ్చేనాటికి ఆయన బతుకుతెరువు కుంచె మీద లేదు.

కట్టిన వాస్తుశిల్పి ఆద్రియాన్ డోర్ట్స్‌మన్. రాతి ముఖభాగం నున్నగా, నిరాడంబరంగా ఉంటుంది. వరసగా కిటికీలు, మధ్యలో గుమ్మం, పైన చదునైన అంచు, అంతే. అంతకు ముందు తరం ఇళ్ల మీద కనిపించే మెట్లమెట్ల గోపురాలు, ఎర్ర ఇటుక మీద తెల్ల రాతి పట్టీలు ఇక్కడ లేవు. వచ్చే దారిలో ఇంటి కొసన బయటికి పొడుచుకొచ్చిన దూలం, దానికో కొక్కెం ఉన్న ఇళ్లు చాలా చూసి ఉంటారు. సరుకును తాడు కట్టి పై అంతస్తుకు లాగడానికి పెట్టినవి అవి. ఈ ఇంటికొచ్చేసరికి, ఆ కొక్కెం ఉండాల్సిన ఎత్తులో నలుగురు రోమన్ దేవతలు నిలబడ్డారు: యుద్ధ దేవుడు మార్స్, విజ్ఞాన దేవత మినర్వా, కొలిమి దేవుడు వల్కన్, పంటల దేవత సిరీస్. సరుకు దాచుకునే వర్తకుడు, సరుకు కంటికి కనబడకుండా డబ్బు సంపాదించే స్థాయికి ఎదిగాక కట్టుకునే ఇల్లు ఎలా ఉంటుందో ఈ ముఖభాగం చెబుతుంది. పిల్లలు వెంట ఉంటే ఎవరు ఏ దేవుడో చేతిలోని వస్తువును బట్టి పోల్చమనండి, బాగా సరదాపడతారు.

1672 ఏ సంవత్సరమో కూడా గుర్తుంచుకోండి. ఫ్రాన్స్, ఇంగ్లండ్, రెండు జర్మన్ సంస్థానాలు కలిసి డచ్ దేశం మీద పడ్డ ఏడాది అది. డచ్చివాళ్లు ఇప్పటికీ దాన్ని విపత్తు సంవత్సరం అంటారు. దేశం మునిగిపోతుందనుకున్న ఏడాదిలో కూడా ఈ గట్టున ఇంత ఇల్లు లేచింది.

లోపలికి: ముఖాలను చదవడం

మెట్లెక్కి లోపలికి వెళ్లాక మొదటి గదుల్లో మీకు ఎక్కువగా కనిపించేది వాన్ లోన్ వంశం వాళ్ల చిత్తరువులు. చాలామంది వీటి ముందు నుంచి గబగబా నడిచిపోతారు, ఎవరో తెలియని ముఖాలు కదా అని. నా సలహా, అన్నీ చూడొద్దు. రెండు మూడు ఎంచుకుని బట్టలను చూడండి. 17వ శతాబ్దపు మనుషులు నల్ల బట్టలు, తెల్ల మెడపట్టీలతో ఉంటారు. చూడ్డానికి సన్యాసుల్లా ఉన్నా, వెలిసిపోని చిక్కటి నలుపు అద్దకం ఆ రోజుల్లో చాలా ఖరీదు. ఆ నలుపులో పట్టు ఎక్కడ మెరుస్తోందో, అంచున లేసు ఎంత సన్నగా అల్లారో చూస్తే వాళ్ల స్థితి తెలిసిపోతుంది. తరాలు మారి 18వ శతాబ్దం వచ్చేసరికి బట్టల్లోకి రంగులొస్తాయి, తలల మీదకు విగ్గులొస్తాయి.

తప్పకుండా వెతికి చూడాల్సిన బొమ్మ ఒకటుంది. విల్లెం వాన్ లోన్, మార్గరెటా బాస్‌ల పెళ్లి వేడుకను యాన్ మీన్సే మొలెనార్ 1637లో వేశాడు. ఈ విల్లెం, కంపెనీ పెట్టిన విల్లెంకు మనవడి తరం వాడు. కుటుంబం మొత్తం పెళ్లి బట్టల్లో ఉంటుంది. పెళ్లికొచ్చిన బంధువులను ఫొటోలో ఒక్కొక్కరినీ గుర్తుపట్టే ఓపికతో చూడండి. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు, ఎవరి చేయి ఎక్కడుంది, పిల్లలు ఏం చేస్తున్నారు అన్నది గమనిస్తే, ఈ వర్తక కుటుంబాలకు పెళ్లి అంటే వ్యాపారంలో పొత్తు కూడా అని అర్థమవుతుంది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. వాన్ లోన్‌లు ఈ ఇల్లు కట్టినవాళ్లు కారు. వాళ్ల చేతికి ఇది 1884లో వచ్చింది. హెండ్రిక్ వాన్ లోన్ తన కొడుకు పెళ్లికి కానుకగా కొన్నాడు. కోడలు థోరా ఎగిడియస్, తర్వాత రాణి విల్హెల్మినా కొలువులో రాణిగారి సహచరిగా ఉంది. కాబట్టి మీరు చూసే గదుల్లో 17వ శతాబ్దపు గోడలు, 18వ శతాబ్దపు అలంకారం, 19వ శతాబ్దపు కాపురం ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఇల్లంతా ఒకే కాలానిది అనుకుంటే తికమక పడతారు. కుటుంబంలో మారిట్స్ వాన్ లోన్ అనే ఆయన 1960లో ఇంటి కోసం ఒక ఫౌండేషన్ పెట్టాడు. ఏళ్ల తరబడి మరమ్మతులు చేయించి, 1973లో జనానికి తెరిచాడు. పై అంతస్తుల్లో ఆ కుటుంబం వాళ్లు ఇప్పటికీ ఉంటారు. తాడు కట్టి ఆపిన మెట్ల దగ్గర ఆగిపోవడం మర్యాద.

మెట్ల దగ్గర

ఈ ఇంట్లో నాకు బాగా నచ్చే చోటు ఇదే. మెట్లకు ఇత్తడి కమ్మీ ఉంటుంది. లతలు, మెలికలతో నిండిన రొకొకో పని, అంటే 18వ శతాబ్దపు వంపుల అలంకార శైలి. పైకి ఎక్కేస్తూ చూస్తే అదొక అందమైన అలంకారం, అంతే. కింద నిలబడి, మెలికలను ఒక్కొక్కటిగా చూపుతో వెంబడిస్తూ వెళ్తే మధ్యలో అక్షరాలు బయటపడతాయి. ఒకచోట వాన్ హాగెన్, ఇంకోచోట ట్రిప్. 18వ శతాబ్ది మధ్యలో ఈ ఇంట్లో ఉన్న అబ్రహాం వాన్ హాగెన్, ఆయన భార్య కాతరీనా ఎలిజబెత్ ట్రిప్ తమ ఇంటిపేర్లను కమ్మీలోనే పోతపోయించారు. ట్రిప్ అనేది చిన్న పేరేమీ కాదు. 17వ శతాబ్దంలో ఇనుము, ఆయుధాల వ్యాపారంలో బాగా గడించిన వంశం. వాళ్ల భవనం ట్రిప్పెన్‌హౌస్ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకా ఉంది. తర్వాత ఎవరు కొన్నా, ఎవరు అద్దెకొచ్చినా, పైకెళ్లేటప్పుడు ఆ ఇద్దరి పేర్ల మీద చెయ్యి వేసి ఎక్కాల్సిందే. వాన్ లోన్‌లు కూడా దాన్ని తీసేయలేదు.

మీరు మాత్రం చెయ్యి వేయకుండా కళ్లతోనే చూడండి. చేతి చెమట పాత లోహానికి మంచిది కాదు.

పై గదులు

పడక గదుల్లో గోడలను చూడాలి. ద్రాకెన్‌స్టైన్ గది అనేదాంట్లో గోడల నిండా ప్రకృతి దృశ్యాలతో చిత్రించిన వస్త్రాలు పరిచి ఉంటాయి. యురియాన్ ఆంద్రీసెన్ చిత్రశాలలో తయారైనవి. మొదట ద్రాకెన్‌స్టైన్ కోటలో ఉండేవి, అక్కడి నుంచి ఇక్కడికొచ్చాయి. కిటికీ అవతల బల్లపరుపు నేల, కాలువ, మబ్బు. కిటికీ ఇవతల గోడ మీద కొండలు, ఎండ. ఆ దేశపు చలికాలంలో ఆ గదిలో పడుకునేవాళ్లు ఎందుకలా వేయించుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. మిగతా పడక గదులు త్వరగా చూసేయొచ్చు.

వంటిల్లు

వంటిల్లు కింద, నేలకు సగం దిగువన ఉంటుంది. పలకలు పరిచిన గోడలు, పెద్ద పొయ్యి, వరసగా వేలాడే రాగి పాత్రలు. ఇంత ఇంటిని నడిపిన పనివాళ్ల లోకం ఇది. ఇక్కడ వండిన భోజనం మెట్లెక్కి పైకి వెళ్లాలి, చల్లారకుండా. పై గదుల్లో బొమ్మలున్నవాళ్ల పేర్లన్నీ రాసిపెట్టారు. ఇక్కడ పొద్దుట్నించీ నిలబడ్డవాళ్ల చిత్తరువులు ఉండవు. అందుకే పైన ఎంతసేపు ఉన్నారో ఇక్కడ కూడా అంతసేపు ఉండండి. పాత్రల సైజు, నీళ్లు ఎక్కడ్నించి వచ్చేవి, బొగ్గు ఎక్కడ పెట్టేవారు అని చూస్తుంటే పని బరువు తెలుస్తుంది.

తోట, కొట్టం

వెనక తలుపు తీయగానే కత్తిరించిన పొదలతో, కొలిచి గీసినట్టున్న దారులతో తోట. నడి ఊళ్లో ఉన్నామని మర్చిపోయేంత నిశ్శబ్దంగా ఉంటుంది. చివరన గుర్రబ్బండ్ల కొట్టం, ముఖభాగం గ్రీకు గుడిలాగా కట్టారు. ఇంటి కిటికీలోంచి చూసేవాళ్లకు గుర్రాల శాల కనబడకుండా గుడి కనబడాలని ఏర్పాటు. బండ్లు వెళ్లే వాకిలి అవతలి వైపు, మీరు వచ్చేటప్పుడు దాటిన కెర్క్‌స్ట్రాట్‌లో ఉంటుంది. తోట చివరికంటా నడిచి, వెనక్కి తిరిగి ఇంటిని చూడండి.

డబ్బు ఎక్కడిది?

ఇది గదుల్లో బోర్డు మీద పూర్తిగా రాసి ఉండే విషయం కాదు. వెళ్లే ముందు చదువుకుని వెళ్లడం మంచిది.

1602 మార్చి 20న పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీకి కావలసినవి ఇండోనేషియా దీవుల మిరియాలు, లవంగాలు, జాజికాయ. అక్కడివాళ్లకు యూరప్ సరుకు అక్కర్లేదు. వాళ్లు అడిగింది కోరమండల్ తీరపు బట్ట, అంటే మన సాలెవాళ్లు నేసి, అద్దకంవాళ్లు రంగులద్దిన నూలు బట్ట. అందుకే కంపెనీ 1605లో మచిలీపట్నానికి వచ్చి, 1606లో నిజాంపట్నంలో కూడా దుకాణం తెరిచి, గోల్కొండ సుల్తాను దగ్గర సుంకం తగ్గించుకుని వ్యాపారం మొదలెట్టింది. పులికాట్‌లో 1613లో గెల్డ్రియా కోట కట్టారు. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, ఖమ్మం వైపు నాగులవంచ, ఇవన్నీ డచ్చివాళ్ల గిడ్డంగులున్న ఊళ్లే. మన తీరం మొలుక్కస్ దీవులకు, అంటే ఇండోనేషియాలోని మసాలా దీవులకు, ఎడమ చేయి లాంటిదని, ఈ బట్ట లేకపోతే అక్కడ వ్యాపారమే లేదని కంపెనీ అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లో రాశాడు. ఇక్కడి బట్ట అక్కడ మసాలా అయింది, మసాలా ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలంపాటలో డబ్బయింది.

ఇందులో చీకటి భాగం చిన్నది కాదు. జాజికాయ మీద గుత్తాధిపత్యం కోసం 1621లో బాందా దీవుల జనాన్ని కంపెనీ ఊచకోత కోసింది. మన తీరంలో కరవొచ్చిన ఏళ్లలో మనుషులను కొని బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, బానిసలుగా ఓడల్లో తీసుకెళ్లింది. పడమటి వైపు, దక్షిణ అమెరికాలోని డచ్ వలస సూరినాంలో చెరకు, కాఫీ తోటల్లో ఆఫ్రికన్ బానిసల చాకిరీ 1863 దాకా సాగింది. వాన్ లోన్ కుటుంబానికి ఆ తోటలతో ఉన్న సంబంధాల మీద మ్యూజియమే 2019లో ఒక ప్రదర్శన పెట్టింది. కుటుంబ చిహ్నంలో నల్లజాతి మనుషుల తలలున్నాయి. చిత్తరువుల గదుల్లో ఆ చిహ్నం ఎక్కడైనా కనిపిస్తే ఆగి చూడండి. ఈ విషయాలను మ్యూజియం దాచడం లేదు, సిబ్బందిని అడిగితే మాట్లాడతారు. మొహమాటపడకుండా అడగండి. బందరు, పులికాట్‌ల పేర్లు చెప్పి అడిగితే మరీ మంచిది, ఆ వైపు నుంచి వచ్చి అడిగేవాళ్లు వాళ్లకు ఎక్కువమంది తగలరు.

ఇంకా టైముంటే

అదే రోజు రెండో ఇల్లు చూడాలంటే సెంట్రల్ స్టేషన్ వైపు, ఔడెజైడ్స్ వోర్బుర్గ్వాల్ కాలువ మీద 38వ నంబరుకు వెళ్లండి. పేరు ఓన్స్ లీవె హేర్ ఓప్ సోల్డర్, అటక మీది ప్రభువు అన్నమాట. కథోలికులు బహిరంగంగా ప్రార్థన చేయకూడదన్న కాలంలో యాన్ హార్ట్‌మన్ అనే వర్తకుడు 1661లో ఈ ఇల్లు కొని, దాని వెనక రెండు ఇళ్లతో కలిపి పై అంతస్తుల్లో మొత్తం ఒక చర్చి కట్టించాడు. అధికారులకు తెలియకేం కాదు, వీధిలోంచి కనబడనంత వరకు చూసీచూడనట్టు వదిలేసేవాళ్లు. 1888 నుంచి మ్యూజియంగా ఉంది. ఇరుకు మెట్లు ఎక్కి ఎక్కి, ఒక్కసారిగా బాల్కనీలతో చర్చి తెరుచుకునే ఆ క్షణం కోసమైనా వెళ్లాలి. బలిపీఠం పక్క స్తంభంలోకి మడతపెట్టి దాచేసే ఉపన్యాస వేదికను చూపించమని అడగండి. ఇక్కడి మెట్లు వాన్ లోన్ కంటే చాలా నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లను తీసుకెళ్లడం నేను సిఫారసు చేయను.

బట్ట సంగతి మీద ఆసక్తి కలిగితే వాన్ లోన్‌లో అది తీరదు. రైక్స్ మ్యూజియం దగ్గర కోరమండల్ అద్దకం బట్టలున్నాయి. ఇంకా బాగా చూడాలంటే రైల్లో లేవార్డెన్ వెళ్లి ఫ్రీస్ మ్యూజియం చూడాలి. మన తీరపు అద్దకం బట్టతో డచ్ ఆడవాళ్లు కుట్టించుకున్న జాకెట్లు, పావడాలు అక్కడ పెద్ద సేకరణగా ఉన్నాయి. అలాంటి బట్ట వెలుగు తగిలితే పాడవుతుంది కాబట్టి ఎప్పుడూ అన్నీ బయట పెట్టరు. ఏవి ప్రదర్శనలో ఉన్నాయో ముందే కనుక్కుని టికెట్ కొనుక్కోండి. పెడనలో కలంకారీ అచ్చులు చూసినవాళ్లెవరైనా వెంట ఉంటే, వాళ్లను ముందు నడవనివ్వండి. అంచుల్లోని పూలను, తీగలను అందరికంటే ముందు వాళ్లే గుర్తుపడతారు.